506002ను కాగితం మీద విప్పడం ఎలా?

"సార్, గింత పెద్ద నంబర్ ఇస్తే కారణాంకాలు ఎట్ల తీయాలె? ఎక్కడిదాకా భాగించుకుంట పోవాలె?"

హన్మకొండలో సాయంత్రం పూట ట్యూషన్ చెప్పే నాకు వారానికి రెండుసార్లైనా ఈ ప్రశ్న వస్తుంది. టెట్‌కు చదివేవాళ్లు అడుగుతారు, గ్రూప్స్‌కు చదివేవాళ్లు అడుగుతారు, ఆరో తరగతి కొడుకు హోంవర్క్ ముందు చేతులెత్తేసిన నాన్నలు వాట్సాప్‌లో ఫొటో పెట్టి మరీ అడుగుతారు. ఒక్కొక్కరికి చెప్పేబదులు ఒకే ఒక్క సంఖ్యను పట్టుకొని మొదటి నుంచి చివరిదాకా ఇక్కడ చేసి పెడుతున్నాను.

ఆ సంఖ్య 506002. వరంగల్ హెడ్ పోస్టాఫీసు పిన్ కోడ్. ఎన్ని దరఖాస్తుల మీద రాశామో లెక్కలేదు, దాన్ని ఒక సంఖ్యగా మాత్రం ఎప్పుడూ చూడలేదు. మీది వేరే ఊరైతే మీ పిన్ పెట్టుకొని పక్కపక్కనే చేయండి. పద్ధతి అదే.

కావలసినవి

- రఫ్ నోట్‌బుక్‌లో రెండు పేజీలు. చిత్తు కాగితం ముక్కల మీద వద్దు. తప్పు ఎక్కడ జరిగిందో తర్వాత దొరకదు.
- సాదా కాలిక్యులేటర్. లేకపోయినా ఫరవాలేదు, ఈ సంఖ్యకు చేతితో చేసే భాగహారాలు ఏడే.
- 50 లోపు ప్రధాన సంఖ్యలు: 2, 3, 5, 7, 11, 13, 17, 19, 23, 29, 31, 37, 41, 43, 47. మొత్తం 15. పేజీ పైన రాసి పెట్టుకోండి, ఒక్కోటి అయిపోగానే కొట్టేయండి.

ఇది అదృష్ట సంఖ్యేనా అని కూడా కొందరు అడుగుతారు. ఆ లెక్క నాకు రాదు. అంకెలు కూడితే 13, మళ్లీ కూడితే 4. ఆ 4 మనకు వేరే పనికి వస్తుంది, 7వ అంచెలో చూద్దాం.

1. ముందు ఎక్కడ ఆగాలో తేల్చుకోండి

భాగించడం మొదలుపెట్టే ముందే వర్గమూలం అంచనా వేయాలి. 711 × 711 = 505521. 712 × 712 = 506944. మన సంఖ్య ఈ రెండింటి మధ్య ఉంది. కాబట్టి 711 దాకా చూస్తే చాలు. కారణాంకాలు ఎప్పుడూ జంటగా వస్తాయి. జంటలో ఒకటి 711 దాటితే రెండోది 711 లోపే ఉండి తీరాలి.

"సగం దాకా చూడాలి కదా సార్" అని చాలామంది అంటారు. సగం అంటే 253001. ఆ లెక్కన కూర్చుంటే తెల్లారిపోతుంది.

711 లోపు ప్రధాన సంఖ్యలు 127 ఉన్నాయి. అన్నింటితో భాగించాలా అని భయపడకండి. ఆ 127 ఎలా తగ్గిపోతుందో చూడండి.

2. కంటితో తేలేవి తేల్చేయండి

చివరి అంకె 2, కాబట్టి 2తో పోతుంది. అంకెల మొత్తం 13, అది 3తో పోదు కాబట్టి సంఖ్యా పోదు. చివర 0 గానీ 5 గానీ లేదు, 5తో పోదు.

2తో పోతుందని తెలియగానే అక్కడికక్కడే భాగించేయండి: 506002 ÷ 2 = 253001. ఇది బేసి, మళ్లీ 2తో పోదు. ఇప్పుడు వర్గమూలం మళ్లీ చూడండి. 503 × 503 = 253009, కొంచెం దాటింది. అంటే ఇక 502 దాకానే. ఒక్క 2 తీస్తే 711 కాస్తా 502 అయింది.

పిల్లలు ఎక్కువగా చేసే తప్పు ఇక్కడే. 2 పోయింది అని పక్కన రాసుకుంటారు, సంఖ్యను మాత్రం తగ్గించరు. చివరిదాకా 506002నే మోస్తూ ఉంటారు.

3. వేయి స్తంభాలకు ఒకటి కలపండి

1001 = 7 × 11 × 13. నేను పిల్లలకు "మన వేయి స్తంభాల గుడికి ఇంకో స్తంభం వేయండి" అని చెప్తాను, మర్చిపోరు. ఈ ఒక్క గుణకారం వల్ల మూడు పరీక్షలు ఒక్క తీసివేతలో అయిపోతాయి.

కుడి నుంచి మూడంకెలు విడగొట్టండి: 506 | 002. పెద్దదాంట్లోంచి చిన్నది తీసేయండి: 506 − 2 = 504. ఇప్పుడు 504నే పరీక్షించండి.

- 7తో: 7 × 72 = 504. పోతుంది.
- 11తో: 9 మిగులుతుంది. పోదు.
- 13తో: 10 మిగులుతుంది. పోదు.

504కు ఏ తీర్పు వస్తే 506002కూ అదే తీర్పు. (2 తీసేసిన 253001 మీద చేసినా ఫలితం మారదు. అసలు సంఖ్యలో అంకెలు సులువుగా ఉన్నాయని దాని మీద చేశాను.)

253001 ÷ 7 = 36143. మళ్లీ 7తో పోతుందేమో చూడాలి, ఒక్కోసారి అదే కారణాంకం రెండుసార్లు ఉంటుంది. 36 | 143. తేడా 107. 7తో పోదు. ఇక్కడ ఎడమ నుంచి లెక్కపెట్టి 361 | 43 అని కోసేవాళ్లున్నారు. కోత ఎప్పుడూ కుడి నుంచే.

సంఖ్య ఆరంకెలు దాటితే మూడు ముక్కలవుతాయి. అప్పుడు కుడి చివరి ముక్కకు కూడిక, దాని పక్కదానికి తీసివేత, ఆ తర్వాతిదానికి మళ్లీ కూడిక.

వర్గమూలం మళ్లీ: 190 × 190 = 36100. అంటే 190 దాకా. అక్కడిదాకా ప్రధాన సంఖ్యలు 42. అందులో 2, 3, 5, 7, 11, 13 తేలిపోయాయి. అసలు సంఖ్యకే పోని 11, 13ను 36143 మీద మళ్లీ పరీక్షించే పని లేదు. మొత్తానికి పోనిది ముక్కకు ఎలా పోతుంది? ఈ ఒక్క మాట గుర్తుంటే సగం శ్రమ తప్పుతుంది.

4. 37కు కూడిక

999 = 27 × 37. అందుకని 37కు ముక్కలను తీసివేయకుండా కూడాలి. 506 + 2 = 508. 37 × 13 = 481, ఇంకా 27 మిగిలింది. పోదు.

5. 506తో మొదలవడం మన భాగ్యం

506 = 22 × 23. అంటే 506000 దానంతట అదే 2, 11, 23తో పోతుంది. మిగిలింది చివరి 002 ఒక్కటే. అది 23తో పోదు కాబట్టి 506002 కూడా పోదు. 506తో మొదలయ్యే ఏ పిన్‌కైనా 11, 23 సంగతి చివరి మూడంకెలే చెప్పేస్తాయి.

కాలిక్యులేటర్ నమ్ముకున్నవాళ్లకు ఇక్కడే దెబ్బ తగులుతుంది. 506002 ÷ 23 కొడితే 22000.0869 అని వస్తుంది. ఆ సున్నాలు చూసి "పోయింది సార్" అనేస్తారు. పోలేదు, 2 మిగిలింది.

పక్క ఊళ్లవాళ్లకు: కరీంనగర్ పిన్‌ల మొదటి మూడంకెలు 505 = 5 × 101. 504 = 8 × 9 × 7, కాబట్టి ఆదిలాబాద్ 504001ను 2, 3, 7 ఏవీ ముట్టుకోలేవని చూడగానే చెప్పొచ్చు. మంచిర్యాల 504208లో 208 కూడా 8తో పోతుంది, అందుకని మొత్తం పోతుంది. నిజామాబాద్ వాళ్ల 503 మాత్రం స్వయంగా ప్రధాన సంఖ్య, పెద్దగా సాయం చేయదు.

6. ఇప్పుడు అసలు భాగహారాలు

పైన రాసుకున్న జాబితాలో మిగిలినవి 17, 19, 29, 31, 41, 43, 47. వీటితో 36143ను వరుసగా భాగించండి. శేషాలు ఇవి:

- 17 → 1
- 19 → 5
- 29 → 9
- 31 → 28
- 41 → 22
- 43 → 23
- 47 → 0

36143 = 47 × 769.

కాలిక్యులేటర్‌తో శేషం తీయాలంటే, భాగించాక చుక్క ముందున్న సంఖ్యను తీసేయండి, మిగిలినదాన్ని భాజకంతో గుణించండి. 36143 ÷ 29 = 1246.310344. 1246 తీసేసి 29తో గుణిస్తే 8.99997 లాంటిది వస్తుంది. దాన్ని 9 అని రాయాలి, 8 అని కాదు. కాలిక్యులేటర్ దశాంశాలను మధ్యలో కోసేయడం వల్ల అలా కనిపిస్తుంది.

నా తప్పు కూడా చెప్పాలి. ఈ లెక్కను మొదటిసారి బోర్డు మీద చేసినప్పుడు 31 దాకా వచ్చి ఏదీ పోకపోయేసరికి విసుగొచ్చింది. "36143 ప్రధాన సంఖ్య, రాసుకోండి" అన్నాను. అందరూ రాసుకున్నారు. వెనక బెంచీలో ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి రాయలేదు. "190 దాకా చూడాలన్నారు కదా సార్, 47తో పోతుంది" అంది. డస్టర్ తీసుకొని నేనే తుడుచుకున్నాను. అప్పటి నుంచి ఎక్కడ ఆగాలో ఆ సంఖ్యను పేజీ పైన గుండ్రంగా చుట్టి పెడతాను. మీరూ అలాగే చేయండి.

ఇక 769 సంగతి. దీని వర్గమూలం 27 దాటి 28 లోపు. 27 లోపు ప్రధాన సంఖ్యల్లో 2, 7 రెండింటినీ తీసేశాం, మిగిలినవి పోలేదని తేల్చాం. కాబట్టి ఒక్క భాగహారం కూడా చేయకుండానే 769 ప్రధాన సంఖ్య. ఆగిపోండి.

506002 = 2 × 7 × 47 × 769

7. సరిచూసుకోండి, వదిలేయకండి

అన్నింటికంటే నమ్మదగింది తిరిగి గుణించడమే: 2 × 7 = 14, 14 × 47 = 658, 658 × 769 = 506002.

గుణకారం మీద నమ్మకం లేకపోతే 9 లెక్క వాడండి. 658 అంకెలు కూడితే 19, అది 10, అది 1. 769 కూడితే 22, అది 4. 1 × 4 = 4. 506002కు ముందే 4 వచ్చింది కదా. సరిపోయింది.

అయితే ఈ 9 లెక్క ఒక తప్పును అస్సలు పట్టుకోదు. తొందరలో 769ని 679 అని రాశారనుకోండి. అంకెల మొత్తం అదే 22. చివరి అంకె కూడా అదే 9. రెండు పరీక్షలూ పాస్ అయిపోతుంది. అందుకని 11 లెక్క కూడా చేయండి: కుడి నుంచి ఒక అంకె కూడుతూ ఒకటి తీసేస్తూ వెళ్లాలి. 658కు 8 − 5 + 6 = 9. 769కు 9 − 6 + 7 = 10. 9 × 10 = 90, 11తో భాగిస్తే శేషం 2. 506002కు 2 − 0 + 0 − 6 + 0 − 5 = −9, దానికి 11 కలిపితే 2. సరిపోయింది. అదే 679 అయితే 9 − 7 + 6 = 8, 9 × 8 = 72, శేషం 6. దొంగ దొరికాడు.

8. ఇక సంఖ్య గుణాలు రాయండి

నాలుగు ప్రధాన సంఖ్యలు చేతికొచ్చాక మిగతావన్నీ వాటిలోంచే వస్తాయి.

ఎన్ని కారణాంకాలు? ఒక్కో ప్రధాన సంఖ్యను తీసుకోవచ్చు, తీసుకోకపోవచ్చు. 2 × 2 × 2 × 2 = 16. అన్నీ రాయాలంటే ముందు 658 కారణాంకాలు ఎనిమిది: 1, 2, 7, 14, 47, 94, 329, 658. వీటిని 769తో గుణిస్తే మిగిలిన ఎనిమిది: 769, 1538, 5383, 10766, 36143, 72286, 253001, 506002. మొదటిదాన్ని చివరిదాంతో, రెండోదాన్ని చివరి నుంచి రెండోదాంతో గుణిస్తూ రండి. ప్రతిసారీ 506002 రావాలి. రాకపోతే ఏ జంటలో తప్పుందో అక్కడే తెలిసిపోతుంది.

ఎప్పుడూ 2లనే గుణించకండి. ఎన్ఐటీ పిన్ 506004 చూడండి: 2 × 2 × 3 × 149 × 283. ఇందులో 2 రెండుసార్లుంది. దాన్ని అసలు తీసుకోకపోవచ్చు, ఒకసారి తీసుకోవచ్చు, రెండుసార్లు తీసుకోవచ్చు. మూడు దారులు. కాబట్టి 3 × 2 × 2 × 2 = 24. ఇక్కడ 16 అనో 32 అనో రాసి మార్కులు పోగొట్టుకుంటారు.

కారణాంకాల మొత్తం ఎంత? ప్రధాన సంఖ్య ఒక్కసారే ఉంటే దానికి 1 కలిపి గుణించండి: 3 × 8 × 48 × 770 = 8,87,040. అందులోంచి సంఖ్యనే తీసేస్తే 3,81,038. ఇది 506002 కంటే తక్కువ. అంటే తన కారణాంకాలన్నీ కలిసినా తనంత కాలేవు. 506004కు అదే లెక్క చేస్తే (2 రెండుసార్లు ఉంది కాబట్టి 1 + 2 + 4 = 7 తీసుకోవాలి) 7 × 4 × 150 × 284 = 11,92,800. సంఖ్యను తీసేస్తే 6,86,796, తనకంటే ఎక్కువ! రెండు పిన్‌ల మధ్య తేడా రెండే, స్వభావం మాత్రం తలకిందులు.

వర్గాల సంగతి: చివరి రెండంకెలు 02. 4తో భాగిస్తే శేషం 2. అలాంటి సంఖ్య వర్గం కాలేదు, రెండు వర్గాల తేడా కూడా కాలేదు. రెండు వర్గాల మొత్తమూ కాదు. 4తో భాగిస్తే 3 మిగిలే ప్రధాన సంఖ్య ఏదైనా బేసిసార్లు ఉంటే ఆ దారి మూసుకుపోతుంది, ఇక్కడ 7 ఒక్కసారే ఉంది. మూడు వర్గాల మొత్తంగా మాత్రం రాయొచ్చు. ఎలా వెతకాలి? మొదటి అంచెలో దొరికిన 711 వర్గం తీసేయండి: 506002 − 505521 = 481. ఇక 481ని రెండు వర్గాలుగా విడగొట్టాలి. 400 + 81. ఇంకోలా 256 + 225. కాబట్టి

506002 = 711² + 20² + 9²
506002 = 711² + 16² + 15²

మొదటి వర్గం తీసేశాక మిగిలినది ప్రతిసారీ ఇంత చక్కగా విడిపోదు. విడిపోకపోతే 711 బదులు 710, 709 అలా దిగుతూ ప్రయత్నించాలి.

ద్విసంఖ్యా రూపం అడిగితే 1111011100010010010. పందొమ్మిది స్థానాలు, పది ఒకట్లు. వరుసగా 2తో భాగిస్తూ శేషాలను కింది నుంచి పైకి రాయడమే. పై నుంచి కిందికి రాస్తే సంఖ్య తిరగబడుతుంది, అంతకుమించి చెప్పేదేం లేదు.

9. ఇంకా పెద్ద సంఖ్యలైతే

పదంకెల సంఖ్యను చేతితో చేయొద్దు. దాని వర్గమూలం లక్ష దాకా ఉంటుంది, లక్ష లోపు ప్రధాన సంఖ్యలు 9592. లైనక్స్ కంప్యూటర్ దొరికితే టెర్మినల్‌లో ఫ్యాక్టర్ (factor) అనే ఆదేశం, పక్కన సంఖ్య కొడితే క్షణంలో చెప్తుంది. పైథాన్ వాడేవాళ్లు శేషానికి % గుర్తే వాడండి. ఒంటి గీతతో (/) భాగిస్తే దశాంశం వస్తుంది, చాలా పెద్ద సంఖ్యల్లో అది తప్పు చూపిస్తుంది.

ఎక్సెల్‌లో 15 అంకెలు దాటిన సంఖ్య కొట్టకండి. పదహారో అంకె చెప్పాపెట్టకుండా సున్నా అయిపోతుంది, ఆ సున్నా చూసి "10తో పోతుంది" అని రాసినవాళ్లు ఉన్నారు. ఇంకోటి, ప్రాక్టీసు కోసమని మీ ఫోన్ నంబర్, ఆధార్, ఏటీఎం కార్డు నంబర్ తెలియని సైట్లలో కొట్టకండి. లెక్కకు ఏ సంఖ్యైనా ఒకటే.

10. మీరు చేయాల్సినవి

సులువైనది: వేయి స్తంభాల గుడి కట్టిన ఏడు 1163. ప్రధాన సంఖ్యేనా? 31 దాకా చూస్తే చాలు. అవును, ప్రధాన సంఖ్యే.

ఓపిక ఉన్నవాళ్లకు: హన్మకొండ హెడ్ పోస్టాఫీసు 506001. జవాబు 3 × 151 × 1117. ఇందులో 3 పోయాక 151 దాకా ఏదీ దొరకదు. దాదాపు అందరూ మధ్యలోనే "ప్రధాన సంఖ్య" అని చేతులు దులుపుకుంటారు. 168667 వర్గమూలం 410 అని పేజీ పైన చుట్టి పెట్టుకున్నవాళ్లకే ఇది దొరుకుతుంది.

కాకతీయ యూనివర్సిటీ 506009 చేసేవాళ్లకు ఒక చిన్న సాయం: 506002 7తో పోతుందని తెలుసు, దానికి 7 కలిపితే 506009.

కరీంనగర్ వాళ్లకు 505001. వేయి స్తంభాలకు ఒకటి కలిపే పద్ధతిలో 505 − 1 = 504, కాబట్టి 7తో పోతుంది. మిగిలిన 72143, 19తో పోతుంది. చివరికి 7 × 19 × 3797. ఆ 3797ను వదలకుండా చూడండి. కుడి నుంచి ఒక్కో అంకె చెరిపేస్తూ రండి: 379, 37, 3. ఎడమ నుంచి చెరపండి: 797, 97, 7. అన్నీ ప్రధాన సంఖ్యలే. రెండు వైపుల నుంచీ ఇలా చెరిపినా ప్రధానంగా నిలిచే సంఖ్యలు, ఒంటి అంకెవి కూడా కలుపుకొని, మొత్తం లోకంలో 15 మాత్రమే. వాటిలో పెద్దది 739397, దాని తర్వాతది మీ పిన్‌లో ఉన్న ఈ 3797. మా వరంగల్ పిన్‌లన్నీ తిరగేశాను, ఇంతవరకు నాకు అలాంటిది తగల్లేదు.